హిమాలయన్ 411కి హీటెడ్ గ్రిప్పులు: బ్యాటరీ తట్టుకుంటాదా, కరెంటు యాడ నుంచి లాగాల?

మొగిలిఘాట్_411

అన్నలందరికీ నమస్కారం. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411, బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల మోడలు). చలికాలమంతా తెల్లారి నాలుగున్నరకి చిత్తూరులో బయల్దేరి పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లెకి పోవాల. బంగారుపాళ్యెం దాటి మొగిలి ఘాట్ ఎక్కేసరికి చలి మారిపోతాది, పైన మంచు సరేసరి. గ్లౌజులు ఉన్నా వేళ్ళు కొంకర్లు పోతాయి, క్లచ్చు మీద పట్టు తెలీదు. హీటెడ్ గ్రిప్పులు, అంటే కరెంటుతో వేడెక్కే హ్యాండిల్ పిడులు, వేయిద్దామని.

గ్రిప్పు మొత్తం మార్చే కిట్టు మేలా, ఉన్న రబ్బరు కింద చుట్టే హీటింగ్ ప్యాడ్లు మేలా? 8 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఆగతాదా? ఇప్పటికే 20 వాట్ల ఫాగ్ లైట్లు రెండు ఉండాయి. కరెంటు ఏ వైరు నుంచి తీసుకోవాల? వైరింగ్ కోస్తే వారంటీ పోతాదని కూడా భయపెట్టినారు.

వైరింగ్_మామ

తమ్ముడూ, కిట్టు ఏది కొనాలనేది చివర్లో చూసుకో. ముందు కరెంటు లెక్క.

మంచి హీటెడ్ గ్రిప్పుల జత ఫుల్లులో 4 ఆంపియర్ల దాకా లాగుతుంది, అంటే సుమారు 50 వాట్లు. ఇంజను ఆపి అట్లే వదిలేస్తే నీ 8 ఆంపియర్ అవర్ బ్యాటరీ గంటలో సగానికి దిగిపోతుంది. లెడ్ బ్యాటరీని పదేపదే సగం కిందికి దించితే అది ఎక్కువ కాలం బతకదు, చలిలో సెల్ఫ్ కూడా తిప్పదు. కాబట్టి గ్రిప్పులకి అన్నం పెట్టాల్సింది ఆల్టర్నేటరు (ఇంజను తిరిగితే కరెంటు పుట్టించేది), బ్యాటరీ కాదు. ఆల్టర్నేటరు దగ్గర మిగులు ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

నీ బండి ఖర్చు చూద్దాం. హెడ్‌లైటు హెచ్4 బల్బు లోబీములో 55, హైబీములో 60 వాట్లు. పెట్రోలు పంపు, ఇంజెక్టరు, ఈసీయూ (ఇంజను కంప్యూటరు), ఇగ్నిషన్ అంతా కలిపి ఉజ్జాయింపుగా 60 నుంచి 80. టెయిలు, మీటరు ఇంకో 10–15. నీ ఫాగులు 40. దీని మీద గ్రిప్పులు 50. ఇక ఆల్టర్నేటరు మీద కంపెనీవాళ్ళు రాసే వాట్లు ఎక్కువ ఆర్‌పీఎమ్ దగ్గరివి. ఐడిల్‌లో, అంటే రేజు ఇవ్వకుండా ఇంజను తిరిగేటప్పుడు, అందులో కొంతే వస్తుంది. అందుకే కాగితం మీది అంకె నమ్మకుండా కొలిచి చూడమంటాను.

కిట్టు కొనకముందే కొలవొచ్చు. ఒక మల్టీమీటరు, ఒక పాత హెచ్4 బల్బు చాలు. ఆ బల్బులో ఒక్క ఫిలమెంటు 55 వాట్లు లాగుతుంది, అంటే గ్రిప్పుల జతతో దాదాపు సమానం. 10 ఆంపియర్ల ఫ్యూజుతో దాన్ని నేరుగా బ్యాటరీకి తగిలించి పెట్టుకో. బల్బు బాగా కాలుతుంది, సీటు మీద పెట్టొద్దు, ఇటుక మీదో బండ మీదో పెట్టు.

రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున తాళం తిప్పకముందు బ్యాటరీ మీద 12.6 వోల్టుల పైన ఉండాలి. 12.4 కంటే తక్కువుంటే ముందు బ్యాటరీ సంగతి చూడు, గ్రిప్పుల మాట తర్వాత. ఇంజను వేడెక్కినాక 3000 ఆర్‌పీఎమ్ దగ్గర అదనపు లోడు లేకుండా 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. ఇప్పుడు హైబీము, ఫాగులు, బల్బు అన్నీ వేసి, బ్రేకు నొక్కి పట్టుకొని మళ్ళీ చూడు. 3000 దగ్గర 13.2 పైన నిలబడితే దిగుల్లేదు. ఐడిల్‌లో 12.8 కిందికి పోతుంటే ఆ సేపు బ్యాటరీ నుంచి పోతున్నట్టే. ఒకటి రెండు నిమిషాలు సిగ్నల్ దగ్గరైతే ఫర్వాలేదు. అలిపిరి చెకింగ్ లైన్లో పావుగంట నిలబడితే మాత్రం గ్రిప్పులు ఆపుకోవాలి.

సప్తగిరి_రైడర్

మామ చెప్పింది కరెక్టు. దానికి ముందు ఇంకొక మాట. గ్రిప్పు అరచేతినే కాస్తుంది. గాలి కొట్టేది చేతి వెనక భాగానికి, వేళ్ళ కణుపులకి. గాలి 10 డిగ్రీలుండి బండి 80లో పోతుంటే బయటున్న చర్మానికి అది 4 డిగ్రీలంత చలి. ఆ గాలిని ఆపకుండా కింద ఎంత వేడి పెట్టినా సగమే పని.

కాబట్టి కణుపులు మొత్తం కప్పే వెడల్పు హ్యాండ్ గార్డులు ముందు బిగించండి. వాటికి కరెంటు అక్కర్లేదు. కొమ్మలు తగలకుండా కాసే సన్నటి కడ్డీ రకం కాదు, ప్లాస్టిక్ రెక్క ఉన్నవి. అవి బిగించినాక కూడా చలి తగ్గకపోతే అప్పుడు గ్రిప్పులు.

తిరుమల ఘాట్ కోసమే అయితే ఎవరూ ఈ ఖర్చు పెట్టొద్దు. అక్కడ స్పీడే 30, 40. మామూలు గ్లౌజులు సరిపోతాయి. మొగిలి పైన ఓపెన్ హైవేలో 80లో పోయేవాళ్ళకి, హార్స్‌లీ హిల్స్ వైపు తెల్లారి తిరిగేవాళ్ళకి మాత్రం పనికొస్తాయి. ఇంకొకటి, మనకు నవంబరు, డిసెంబరులో తుపాను వానలు. తడిసిన గ్లౌజులకి గాలి తగిలితే 20 డిగ్రీల్లో కూడా చేతులు మొద్దుబారతాయి. హీటెడ్ గ్రిప్పుల విలువ తెలిసేది ఆ వానలోనే.

రేణిగుంట_స్కూటర్

మా నాయనకి యాక్టివా, ఇంట్లో పాత స్ప్లెండర్ కూడా ఉండాది. ఆన్‌లైన్లో యూఎస్‌బీ హీటింగ్ గ్రిప్పులు చూస్తిని, రేటు తక్కువ. అవి పెట్టుకోవచ్చునా?

వైరింగ్_మామ

వద్దు నాయనా, రెండిటికీ వద్దు.

యూఎస్‌బీ అంటే 5 వోల్టులు, 2 ఆంపియర్లు, వెరసి 10 వాట్లు. రెండు చేతులకి పంచితే ఒక్కోదానికి 5. అసలు గ్రిప్పు ఒక్కోటి 25 వాట్లు లాగుతుంది. బండి నిలబెట్టి పట్టుకుంటే వెచ్చగానే ఉంటుంది, 50 దాటితే ఆ వెచ్చదనం గాలికి పోతుంది.

పాత కార్బురేటర్ బళ్ళలో ఇంకో తిరకాసు. వాటిలో చాలావాటికి హెడ్‌లైటు బ్యాటరీ మీద వెలగదు, మాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా ఏసీలో వెలుగుతుంది. అందుకే రేజు ఇస్తే లైటు పెరిగి, వదిలితే మసకబారేది. బ్యాటరీ వైపుకి వచ్చే చార్జింగ్ హారనుకీ, ఇండికేటర్లకీ సరిపోయేంత మాత్రమే. బ్యాటరీ కూడా 3 ఆంపియర్ అవర్ లాంటి చిన్నది. దాని మీద 4 ఆంపియర్లు పెడితే గంట లోపే ఖాళీ. కిక్కు ఉంది కాబట్టి బండి స్టార్టవుతుంది గానీ బ్యాటరీ ఆ సీజను దాటదు.

కొత్త బీఎస్6 స్కూటర్లు ఎఫ్‌ఐవి (కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్), లైటు కూడా డీసీనే. అయినా మిగులు తక్కువ. నాయనకి హ్యాండిల్ మీద తొడిగే మఫ్‌లు కొనివ్వు, చెయ్యి లోపల పెట్టుకునే సంచి రకం. వోల్టు ఖర్చు లేకుండా గాలీ వానా రెండూ ఆపుతాయి. తొడిగినాక బ్రేకు లివరు దానికి తట్టుకోకుండా పూర్తిగా వెనక్కి వస్తోందా, హారను స్విచ్చు వేలికి అందుతోందా చూసుకో.

బెంచ్‌వైస్

ప్యాడ్లా, గ్రిప్పులా అన్నది నేను చెప్తా. రోజూ తిరిగే బండికి గ్రిప్పులే.

ప్యాడ్లు పలచని ఫిల్ము మీద ప్రింటు చేసిన హీటరు. వాటి మీద పాత రబ్బరు మళ్ళీ ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు మెలిపెడితే ప్యాడ్ అంచు ముడుచుకుంటుంది, వైరు అతుకు ఊడుతుంది. ఎక్కినాక లోపల ఏం జరిగిందో కనబడదు. ఎడమవైపు ఇంకో సమస్య. అక్కడ ప్యాడ్ నేరుగా లోహపు హ్యాండిల్ బారు మీద కూర్చుంటుంది, వేడి సగం బారులోకే పోతుంది. కుడివైపు మధ్యలో యాక్సిలరేటర్ ప్లాస్టిక్ ట్యూబు ఉంది కాబట్టి వేడి చేతికే వస్తుంది. అందుకే మంచి ప్యాడ్ కిట్లలో ఎడమ ప్యాడుకి వాట్లు ఎక్కువిస్తారు. రెండిటినీ తారుమారు చేస్తే కుడిచెయ్యి కాలుతుంది, ఎడమచెయ్యి చల్లగానే ఉంటుంది. ప్యాడ్లే పెట్టాలనుకుంటే ఎడమవైపు బారుకి ముందు ఒక పొర హీట్ ష్రింక్ స్లీవు (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేసి, దాని మీద ప్యాడ్ చుట్టండి.

ఇక గ్రిప్పులు బిగించేది. ఇక్కడ తొందర పనికిరాదు.

వెర్నియరుతో కొలవండి. మన బళ్ళలో ఎక్కువ భాగం బారు 22 మి.మీ. క్రూజర్లలో కొన్నిటికి 25.4 ఉంటుంది, వాటి కిట్టు వేరు. మధ్యలో లావుగా ఉండే 28.6 బార్లు కూడా గ్రిప్పు దగ్గరికి వచ్చేసరికి 22కి సన్నబడతాయి, వాటికి మామూలు కిట్టే. కుడి గ్రిప్పు రంధ్రం పెద్దది, ఎందుకంటే అది యాక్సిలరేటర్ ట్యూబు మీద ఎక్కాలి. గమ్ము మూత తీయకముందే ఏది కుడో ఏది ఎడమో మార్కు చేసుకోండి. పాత గ్రిప్పు పొడవు, కొత్తదాని పొడవు పక్కపక్కన పెట్టి చూడండి. కొత్తది పొడుగైతే కోసేద్దామనుకోవద్దు, లోపల హీటరు తీగ తెగుతుంది. కోయొచ్చని మాన్యువల్‌లో గీత చూపిస్తే ఆ గీత వరకే.

పాతవి పారేసేవైతే బ్లేడుతో పొడుగునా గీసి ఒలిచేయండి. కుడివైపు లోతుగా గీస్తే ట్యూబు ప్లాస్టిక్కు తెగుతుంది, అక్కడ చెయ్యి తేలిగ్గా. పాతవి దాచుకోవాలంటే సన్నటి స్క్రూడ్రైవరు రబ్బరు కిందికి దూర్చి, సందులో ఐసోప్రొపైల్ ఆల్కహాలు వదిలి మెలిపెట్టండి, జారి వస్తాయి. ఆయిలు, తుప్పు వదిలించే స్ప్రే కొట్టొద్దు, తర్వాత గమ్ము పట్టదు.

కుడి ట్యూబుని తప్పకుండా బారు మీద నుంచి బయటికి తీయండి. బారు మీదే ఉంచి గమ్ము వేస్తే అది కారి ట్యూబుకీ బారుకీ మధ్యలోకి పోతుంది. యాక్సిలరేటర్ అతుక్కుపోయిందంటే రోడ్డు మీద ప్రాణాల మీదికే వస్తుంది. స్విచ్చు హౌసింగు స్క్రూలు విప్పేముందు ఫోన్లో ఫొటో తీసుకోండి. కేబులు రెండు ఉంటే ఏది లాగేదో ఏది తిరిగొచ్చేదో రంగు పూసి గుర్తు పెట్టుకోండి. బారు చివర బరువుల స్క్రూలకి కంపెనీలో లాకింగ్ గమ్ము వేసి ఉండొచ్చు. గట్టిగా ఉంటే హెయిర్ డ్రయ్యరుతో వేడి చేసి, సరైన సైజు బిట్టుతో ఒక్క ఊపులో తిప్పండి. అరిగిన బిట్టుతో తిప్పితే తల గుండ్రమైపోతుంది.

ఆ ట్యూబు మీద రబ్బరు జారకుండా గీతలు, గడులు ఎత్తుగా పోసి ఉంటాయి. హీటెడ్ గ్రిప్పు లోపల గట్టి ప్లాస్టిక్కు, వాటి మీద ఎక్కదు. సన్న ఆకురాయితో కొంచెం కొంచెం తీసి, 120 నంబరు ఉప్పుకాగితంతో నున్నగా చేయండి. కొలత ఏమిటంటే, గమ్ము లేకుండా చేత్తో నెడితే ముప్పావు వంతు ఎక్కి, మళ్ళీ చేత్తోనే వెనక్కి రావాలి. సుత్తితో కొట్టి ఎక్కించే స్థితి ఉంటే ఇంకా తీయాలి. మరీ ఎక్కువ తీసి వదులు చేసినా గమ్ము ఒక్కటే దాన్ని మోయలేదు.

గమ్ముకి ముందు పొడిగా పెట్టి చూడండి. యాక్సిలరేటర్ సుమారు పావు వంతు చుట్టు తిరుగుతుంది. గ్రిప్పు నుంచి వచ్చే వైరు దానితో పాటే తిరుగుతుంది. మూసినప్పుడూ, పూర్తిగా తెరిచినప్పుడూ అది బ్రేకు మాస్టర్ సిలిండరుకి గానీ, లివరు క్లాంపుకి గానీ తగలని చోటు చూసుకొని, ట్యూబు మీదా గ్రిప్పు మీదా కలిసేలా వైట్‌నరుతో ఒక గీత గీయండి. గమ్ము వేసినాక మీకు దొరికే టైము పది సెకన్లే, అప్పుడు ఆ గీతే దిక్కు.

అంతా ఆల్కహాలుతో తుడిచి ఆరినాక, కిట్టుతో వచ్చిన గమ్ము గ్రిప్పు మూతి లోపల ఒక చుట్టు, ట్యూబు మీద పొడుగునా రెండు గీతలు. ఆపకుండా తిప్పుతూ ఒకే తోపు. ఎడమవైపూ అంతే, కాకపోతే నేరుగా బారు మీద. రాత్రంతా వదిలేయండి. ఆ రాత్రి హీటరు వేసి చూడొద్దు.

మళ్ళీ బిగించేటప్పుడు గ్రిప్పు లోపలి అంచుకీ స్విచ్చు హౌసింగుకీ మధ్య 1 నుంచి 2 మి.మీ. సందు, బయట బారు బరువు వైపు కూడా అంతే. సందు లేకపోతే రాపిడికి యాక్సిలరేటర్ వెనక్కి రాదు. హ్యాండిల్ పూర్తిగా ఎడమకి, నడిమికి, కుడికి తిప్పి మూడు చోట్లా పూర్తిగా తెరిచి వదలండి. టక్కుమని దానంతటదే మూసుకోవాలి. నెమ్మదిగా వెనక్కి వస్తే ఆ బండి రోడ్డెక్కకూడదు. తర్వాత ఇంజను ఐడిల్‌లో ఉంచి హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి, ఆర్‌పీఎమ్ పెరిగితే కేబులు యాడో బిగుసుకుంది. గ్రిప్పు దగ్గర 2–3 మి.మీ. ప్లే (ఖాళీ తిరుగుడు) ఉండేలా సరిచేయండి.

కుప్పం_390

బాగా రాసినారు అన్నా. ఒక్కటి కలుపుతా. కేటీఎం 390, హిమాలయన్ 450 లాంటి రైడ్ బై వైర్ బళ్ళకి కుడివైపు ఈ పద్ధతి వర్తించదు. అక్కడ కేబులు లేదు, యాక్సిలరేటర్ తిప్పితే సెన్సారు చదువుతుంది. విప్పే క్రమం బండిని బట్టి మారుతుంది, సర్వీసు మాన్యువల్ చూడకుండా ఆ హౌసింగు తెరవొద్దు.

పీలేరు_పంచర్

గమ్ము కోసం అంత తంటా ఎందుకు? ట్యూబుల పంచర్ సొల్యూషన్ ఉండాది గదా, రబ్బరుకి రబ్బరు. లేదంటే అరల్డైట్.

బెంచ్‌వైస్

రెండూ వద్దు బ్బా. పంచర్ సొల్యూషన్ వేడికి మెత్తబడుతుంది, మనం అక్కడ పెడుతున్నదే హీటరు. ఘాట్ మలుపులో యాక్సిలరేటర్ మూస్తుంటే రబ్బరు ఒక్కటే తిరిగి ట్యూబు అక్కడే ఉంటే ఎట్టా ఉంటాదో ఆలోచించు. అరల్డైట్ పట్టు గట్టిదే, ఆ గట్టితనమే చిక్కు. రేపు హీటరు పోతే గ్రిప్పు ముక్కలు ముక్కలుగా చెక్కాలి, ట్యూబు కూడా పోతుంది. కిట్టులో ఇచ్చేది సయానోఅక్రిలేట్, అంటే మన ఫెవిక్విక్ జాతి. కిట్టు గమ్ము ఎండిపోయి ఉంటే కొత్త ఫెవిక్విక్ వాడొచ్చు.

మొగిలిఘాట్_411

మామా, బల్బు పెట్టి కొలిచినా. పొద్దున్నే 12.7. 3000లో లోడు లేకుండా 14.1. ఫాగులు, హైబీము, బల్బు అన్నీ వేస్తే 3000లో 13.0, ఐడిల్‌లో 12.3. ఫాగులు ఆపేస్తే 3000లో 13.5, ఐడిల్‌లో 12.7. దీనికి ఏమంటావు?

వైరింగ్_మామ

అంకెలే చెప్తున్నాయి. ఫాగులూ గ్రిప్పులూ ఒకేసారి ఫుల్లులో వద్దు. మంచులో ఫాగులు కావాల్సినప్పుడు గ్రిప్పులు సగానికి దించు. వేడిని పెంచి తగ్గించే మంచి కంట్రోలర్లలో ఐదు మెట్లు ఉంటాయి. మొదటి ఐదు నిమిషాలు ఫుల్లులో వేడెక్కించి తర్వాత సగంలో పెట్టుకుంటే సరిపోతుంది, అప్పుడు సగటున లాగేది 2 ఆంపియర్లే. నీ ఆల్టర్నేటరుకి అది భారం కాదు.

కొనేటప్పుడు వోల్టేజీ పడితే తనంతట తానే ఆగిపోయే కంట్రోలరు ఉన్నది తీసుకో, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ వాటికి ఆ ఏర్పాటు ఉంది. బజారులో రెండే వైర్లు, ఒక ఆన్ ఆఫ్ స్విచ్చుతో వచ్చే చౌక రకానికి అదేమీ ఉండదు. దానికి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపి తెంచే స్విచ్చు) లేకుండా కనెక్షన్ ఇస్తే ఇక మర్చిపోయిన రోజు బండి తోసుకోవాల్సిందే.

రిలే సంగతి. నాలుగు కాళ్ళ 12 వోల్టుల రిలే తీసుకో, హారనుకి వాడేది చాలు. బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చే వైరుకి జానెడు లోపలే 7.5 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి 30 నంబరు కాలికి. 87 నుంచి కంట్రోలరు ప్లస్‌కి. కంట్రోలరు మైనస్ నేరుగా బ్యాటరీ మైనస్‌కి, ఫ్రేము బోల్టుకి వద్దు, పెయింటు మీద ఎర్తు సరిగ్గా రాదు. 85 మైనస్‌కి. 86కి ట్రిగ్గరు, అంటే తాళం తిప్పితే 12 వచ్చి, తీస్తే సున్నా అయ్యే వైరు. టెయిలు లైటు వైరు అందుబాటులో ఉంటుంది, సీటు కిందే. రిలే కాయిల్ లాగేది 0.2 ఆంపియరు లోపే కాబట్టి టెయిలు సర్క్యూటుకి ఏమీ కాదు. వైరు 1 చదరపు మి.మీ., సన్నపోగులది, బండ్లకి వాడే రకం. ఇంటి వైరింగులో వాడే ఒంటి తీగ వైబ్రేషనుకి విరుగుతుంది.

ఫ్యూజు 5 ఎందుకు కాదంటే, 4 ఆంపియర్లు ఎడతెగకుండా పారుతుంటే 5 ఫ్యూజు అంచున ఉంటుంది, ఎప్పుడో ఒకప్పుడు అకారణంగా పోతుంది. 15 ఎందుకు కాదంటే, ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడేదానికి. వైరు కాలేదాకా ఫ్యూజు నిలబడితే దాన్ని పెట్టి లాభమేంది.

కుప్పం_390

మామా, ట్రిగ్గరుకి టెయిలు లైటు కంటే హెడ్‌లైటు ఫీడు మేలు కదా? బీఎస్6లో చాలా బళ్ళకి ఇంజను స్టార్టయినాకే హెడ్‌లైటు వెలుగుతుంది. అప్పుడు తాళం ఆన్‌లో మర్చిపోయినా గ్రిప్పులకి కరెంటు పోదు, సెల్ఫ్ తిప్పేటప్పుడు కూడా లోడు ఉండదు.

వైరింగ్_మామ

ఆలోచన మంచిదే. ఒకటి చూసుకోవాలి. బల్బు దగ్గర లోబీము వైరు పట్టుకుంటే హైబీము వేసినప్పుడల్లా గ్రిప్పులు ఆగిపోతాయి. డిమ్ము డిప్పు స్విచ్చుకి ముందు వచ్చే ఫీడు పట్టుకోవాలి, దాని కోసం హెడ్‌లైటు వెనక కప్లర్లలో (వైర్లు కలిపే ప్లగ్గుల్లో) వెతుక్కోవాలి. మీటరు పట్టడం వచ్చినవాడు అది చేసుకోవచ్చు. రానివాడికి టెయిలు లైటే.

వారంటీ మాట. కంపెనీ వైరు కోసి మెలిపెట్టి టేపు చుట్టినది చూస్తే ఎవరైనా అభ్యంతరం పెడతారు. మనం ఆ హార్నెస్‌లో (కంపెనీ వైర్ల కట్టలో) తాకేది ట్రిగ్గరు వైరు ఒక్కటే. దానికి కూడా మధ్యలో దూరే కప్లరు పెడితే విప్పేసిన రోజు ఆనవాలు ఉండదు. వైరు మీద గుచ్చి నొక్కే నీలం క్లిప్పులు మాత్రం వాడొద్దు. రెండు వానలకి లోపల పచ్చగా చిలుము పడుతుంది.

సప్తగిరి_రైడర్

గ్రిప్పు తినే కరెంటుకి మైలేజీ తగ్గుతుందని అంటుంటారు. నిజమేనా?

కుప్పం_390

తెలిసేంత కాదు. మన బళ్ళలో ఎక్కువ భాగం షంట్ రకం రెగ్యులేటర్. ఆల్టర్నేటరు ఎప్పుడూ పూర్తిగా ఇస్తూనే ఉంటుంది, మిగిలినదాన్ని రెగ్యులేటరు షార్టు చేసి వేడిగా పారబోస్తుంది. ఆ పారబోసే దాంట్లోంచే గ్రిప్పులకి వెళ్తుంది. ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి దించే అలవాటు కొందరికి ఉంది. అట్టా దిగితే గ్రిప్పులు నేరుగా బ్యాటరీని తింటాయి. గేరులో ఇంజను బ్రేకింగ్ లేకుండా దిగడమే ప్రమాదం, ఇది దాని మీద అదనం.

రేణిగుంట_స్కూటర్

మా నాయనకి షుగర్ ఉండాది. మున్ముందు పెద్ద బండి కొని ఇవి పెట్టినా ఇబ్బంది ఏమన్నా ఉంటాదా?

సప్తగిరి_రైడర్

షుగర్ వల్ల అరచేతుల్లో స్పర్శ తగ్గి ఉంటే జాగ్రత్త. వేడి తెలియకపోతే గంటలకొద్దీ పట్టుకొని చర్మం కమిలిపోయే ప్రమాదం ఉంది. కింది మెట్టు దాటొద్దు, ఒట్టి చేతులతో పట్టుకోవద్దు, దిగినాక అరచేతులు చూసుకోమనండి. అందరికీ పనికొచ్చేది ఇంకొకటి, గ్లౌజు అరచేతి వైపు మందంగా ఉంటే గ్రిప్పు వేడి లోపలికి రాదు. అరచేతి వైపు పలచటి తోలు, వెనకవైపు గాలి దూరని పొర ఉన్నవి ఎంచుకోండి. మంచులో తిరిగే దూది గ్లౌజులు వీటితో దండగ.

బెంచ్‌వైస్

వైరు నడిపే చోట్లు చెప్పడం మిగిలింది. కుడి గ్రిప్పు వైరుకి మొదట్లో రెండు మూడు అంగుళాల లూపు వదలండి. గ్రిప్పుకి దగ్గరగా టై బిగిస్తే తిప్పిన ప్రతిసారీ అదే చోట వంగి లోపల తీగ తెగుతుంది, పైన తొడుగు బాగానే కనబడుతుంది. ఈ కిట్లలో జాస్తిగా వచ్చే రిపేరు అదే. బ్రేకు హోసు వెంట తీసుకురండి. స్టీరింగ్ తల దగ్గర ఫ్రేము స్టాపరుకీ ఫోర్కుకీ మధ్య పడకుండా, రెండువైపులా పూర్తిగా తిప్పి చూడండి. కప్లర్లు ట్యాంకు కింద పొడి చోట, మూతి కిందికి ఉండేలా. లోపల డైఎలెక్ట్రిక్ గ్రీజు (తడి ఆపే, కరెంటు పారనివ్వని గ్రీజు) కొంచెం.

వైరింగ్_మామ

పని చేయకపోతే ఎట్టా పట్టుకోవాలో కూడా రాసి పెడతా, తర్వాత వెతుక్కునేవాళ్ళకి.

ఒక గ్రిప్పు కాలుతోంది, ఇంకోటి చల్లగా ఉందంటే కంట్రోలరు వరకు అంతా బాగున్నట్టే. చల్లగా ఉన్నదాని కప్లరు విప్పి ఓములు కొలువు. రెండు గ్రిప్పులూ ప్యారలల్‌లో ఉండే కిట్టులో జత 4 ఆంపియర్లు లాగుతుంటే ఒక్కోదానికి 6, 7 ఓములు రావాలి. అనంతం చూపిస్తే తీగ తెగింది. అంకె ఎగిరెగిరి పడుతుంటే గ్రిప్పు మొదట్లో వైరు వంచుతూ చూడు, తెగిన చోటు అక్కడే తెలుస్తుంది. సిరీస్‌లో కలిపిన కిట్టులైతే ఒకటి తెగినా రెండూ ఆగిపోతాయి.

రెండూ చల్లగా ఉంటే ఫ్యూజు, తర్వాత రిలే టిక్కుమంటోందా, తర్వాత కంట్రోలరు దగ్గర వోల్టేజీ. గ్రిప్పులు ఫుల్లులో ఉండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, కంట్రోలరు మూతి దగ్గర ఒకసారి కొలువు. తేడా 0.3 వోల్టు లోపుండాలి. 1 చదరపు మి.మీ. వైరు పోను రాను మూడు మీటర్లకి 4 ఆంపియర్ల దగ్గర పోగొట్టేది 0.2 వోల్టే. అంతకంటే ఎక్కువ పోతుంటే యాడో క్రింపింగ్ (వైరుకి నొక్కిన అతుకు) వదులుగా ఉంది, చేత్తో తాకితే ఆ అతుకు వెచ్చగా తగులుతుంది.

కొంతసేపు పని చేసి తనంతట తానే ఆగిపోతుంటే కంట్రోలరుని తిట్టొద్దు. వోల్టేజీ పడి అది తన పని తాను చేస్తోంది. బ్యాటరీ టెర్మినల్ బోల్టులు బిగించి, చార్జింగ్ చూడు.

మొగిలిఘాట్_411

అందరికీ పేరుపేరునా థాంక్స్. హ్యాండ్ గార్డులు ముందు, తర్వాత గ్రిప్పుల కిట్టు, రిలే ట్రిగ్గరు టెయిలు లైటు నుంచి. ఇంకొక్కటే. మార్చి నుంచి మనకు ఎండ మండిపోతాది, అప్పుడు వీటిని విప్పాల్నా?

బెంచ్‌వైస్

విప్పొద్దు, విప్పితే గమ్ముతో పాటు గ్రిప్పు కూడా పోతుంది. ఇవి మామూలు రబ్బరు కంటే కొంచెం లావు కాబట్టి వేసిన కొత్తలోనే క్లచ్చు, బ్రేకు లివర్లకి వేళ్ళు సరిగ్గా అందుతున్నాయా చూసుకో, క్లచ్చు ప్లే ఒకసారి సరిచేయించు.

వైరింగ్_మామ

ఎండాకాలం ఫ్యూజు ఒక్కటి పీకి టూల్‌కిట్టులో వేసుకో. కంట్రోలరు బటను అనుకోకుండా నొక్కుకున్నా ఏమీ కాదు. నవంబరులో మళ్ళీ పెట్టేముందు ఫ్యూజు కాళ్ళకీ కప్లర్లకీ చిలుము పట్టిందేమో చూసి, ఒకసారి ఓములు కొలుచుకో.

కుప్పం_390

కంట్రోలరు మీద నేరుగా ఎండ పడకుండా బ్రాకెట్టు మీటరు నీడలోకి పెట్టు తమ్ముడూ. ఎండకి బటను మీది రబ్బరు పగిలితే వచ్చే వానల్లో నీళ్ళు అందులోంచే దిగతాయి.